బయానా సొమ్ము

మనుష్యులను అమ్ముట యనగానే మన విద్యార్థులకు యోసేపు కథ జ్ఞప్తికి వచ్చును. అతనిని ఇరువది వెండి నాణెములకు అమ్మినవారు దారిదోపిడిగాండ్రు గారు, సొంత అన్నలు. మన పల్లెలలో తెల్లవార్లు ఆడెడి హరిశ్చంద్ర నాటకమునందు చంద్రమతిని కాశీవీధిలో అమ్మకమునకు నిలిపినది శత్రువు గాదు, తీర్పవలసిన ఋణము. నేటి మనుష్యవిక్రయమునకు మూలములు ఈ రెండే: తెలిసినవాని మాట, తీఱని అప్పు. దొంగలు పిల్లలను గోనెలలో కట్టి యెత్తుకొనిపోవుదురని మనము భయపడుచుందుము. తఱచుగా జరుగునది వేఱు. తెలిసినవాడు వచ్చును, బయానా యిచ్చును, బిడ్డను తోడ్కొనిపోవును.

ఈ పద్ధతి క్రొత్తది గాదు. 1860వ సంవత్సరము నవంబరు 16వ తేదీని ‘ట్రూరో’ యను ఓడ చెన్నపట్టణమునుండి కూలీలను దక్షిణాఫ్రికాలోని దర్బాను రేవున దింపెను. చెఱకుతోటల పనికి ఒడంబడిక వ్రాసి పోయినవారిలో తెలుగువారును గలరు. బర్మాకు పోయినవారిని మేస్త్రీలు గొనిపోయిరి. మేస్త్రీ మన భాషవాడే. ముందు సొమ్మిచ్చి, ఓడకూలియు వడ్డీయు లెక్కవ్రాసి, కూలిలో కోసికొనును. లెక్కపుస్తకము వానిచేతనే యుండుటచే అప్పెన్నడు తీఱునో కూలివాని కెఱుకపడదు.

మన సీమకు వత్తము. 1967లో సాగరు కాలువలకు నీరు వదలిన పిమ్మట పల్నాట మిరప, ప్రత్తి విస్తరించెను. మిరపకాయ కోతలకు కర్నూలు జిల్లా ఆదోని, ఆలూరు ప్రాంతములనుండి కుటుంబములు పిల్లలతో గూడ వచ్చుచున్నవి. కూలికి వచ్చుట తప్పు గాదు. వారు రానిదే మన పంట కల్లము చేరదు. పని యేదో విక్రయమేదో తెలిసికొనుటకు ఒక ప్రశ్న చాలును: నచ్చనియెడల ఆ మనిషి రేపే లేచి పోగలడా? అప్పు తీఱువఱకు కదలరాదన్నను, ఆధారుకార్డు యజమాని పెట్టెలో నున్నను, కన్నవారు బిడ్డతో మాటాడుటకు సెలవు కావలసివచ్చినను అది కూలి గాదు.

సంకరజాతి ప్రత్తివిత్తనపు చేలలో ఒక్కొక్క పువ్వునకు చేతితో పుప్పొడి అంటింపవలెను. కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో ఈ పనికి వేలకొలది ఆడుపిల్లలను బడి మాన్పించి పెట్టిరి. వారి వ్రేళ్లు సన్ననివి గనుక అని చెప్పెడివారు. అసలు కారణము చౌకదనము. తండ్రికి ముందే యిచ్చిన బయానా పిల్లను కట్టివేసెడిది.

నరసరావుపేట వంటి పట్టణముల శివారులలో చిక్కు మఱియొకటి. పల్లెలో క్రొత్తవాడు దిగినచో సాయంకాలమునకు ఊరంతయు నెఱుగును. శివారు కాలనీలో పొరుగింటివాని పేరైనను తెలియదు. ఇంటిపనికి వచ్చిన పదేండ్ల పిల్ల యెవరి బిడ్డయో అడుగువారు లేరు. చదివినవారమని మనము నిశ్చింతగా నుండుటకును వీలు లేదు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియాకు పోయిన మన యువకులను అచట నిర్బంధించి, ఫోనులలో మోసపుపనులు చేయించిన సంగతిని 2024 మే నెలలో విశాఖపట్టణము పోలీసువారు బయటపెట్టిరి.

తల్లిదండ్రులు ముఖ్యముగా తెలియవలసినది 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము. దానిప్రకారము వెట్టికి కట్టివేసిన అప్పు రద్దగును. దానిని తీర్పనక్కఱలేదు, యజమాని వసూలు చేసికొనుటయే నేరము. ‘సొమ్ము తిన్నాముగదా, పిల్లను ఎట్లు పిలిపింతుము’ అని కుములుచున్న తండ్రికి ఈ మాట ఎవరైనను చెప్పవలెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 143వ సెక్షనుక్రింద, పదునెనిమిదేండ్లు నిండనివారిని ఇట్లు విక్రయించినవానికి పదేండ్లకు తక్కువగాని కఠినశిక్ష కలదు. ‘ఇష్టపడియే వచ్చినది’ అను వాదము చెల్లదు.

ఫిర్యాదు చేయుటకు బంధువు కానక్కఱలేదు. బాలల కొఱకు 1098, పోలీసుల కొఱకు 112 సంఖ్యలకు ఎవరైనను ఫోను చేయవచ్చును. వెట్టి సంగతిని తహసీలుదారునకో కలెక్టరునకో తెలుపవచ్చును. 2022 ఏప్రిలునుండి కలెక్టరు కచేరి నరసరావుపేటయందే యున్నది. విద్యార్థులారా, సంక్రాంతి సెలవులు ముగిసి వారమైనను మీ సహపాఠి రానియెడల ఉపాధ్యాయునితో చెప్పుడు. ఎవరు తోడ్కొనిపోయిరి, ఏ యూరికి, ఎంత బయానా యిచ్చిరి అను మూడు సంగతులను అప్పుడే విచారించి వ్రాసి యుంచవలెను. నెల గడచినచో మేస్త్రీ ఆ పిల్లను మఱియొక చోటికి మార్చివేయవచ్చును.