పాలూ కాదు, చేపలూ కాదు

చేపల పులుసు వండిన రోజు మా నాయనమ్మ పాలగిన్నెను పిల్లలకు అందనంత ఎత్తున పెట్టేసేది. రెండూ ఒకే పూట కడుపులో పడితే బొల్లి వస్తుందని ఆమె భయం. చాలా ఇళ్లలో ఆ భయం ఇప్పటికీ ఉంది. దానికి శాస్త్రంలో ఆధారం లేదు. అయినా ఆ మాట ఒక పని మాత్రం గట్టిగా చేస్తుంది. తెల్లమచ్చలున్న మనిషి ఏదో తినకూడనిది తిని, చేయకూడనిది చేసి వాటిని కొనితెచ్చుకున్నాడని నలుగురినీ నమ్మిస్తుంది.

నిజానికి జరిగేది ఇది. చర్మం పైపొర అడుగున మెలనోసైట్లనే కణాలుంటాయి. రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసేవి అవే. మనల్ని కాపాడాల్సిన టి-కణాలు పొరబడి వీటిని పరాయివనుకుని చంపేస్తాయి. అవి పోయినచోట చర్మం సున్నం పూసినట్టవుతుంది. ముట్టుకుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. ప్రపంచంలో నూటికి అటూ ఇటూగా ఒకరికి ఉంటుంది. వెంట్రుకల కుదుళ్లలో ఈ రంగు కణాలను పుట్టించే కొన్ని మూలకణాలు దాగి ఉంటాయి కాబట్టి, వైద్యం పనిచేసినప్పుడు రంగు ముందు వెంట్రుకల చుట్టూ చుక్కలు చుక్కలుగా తిరిగొస్తుంది. వెంట్రుకలు లేని పెదవులు, వేళ్ల కొసలు మొండికేసేది అందుకే.

పేరు కూడా పగబట్టింది. శ్వేతకుష్ఠు అన్నారు పూర్వులు. కుష్ఠు బాక్టీరియా వల్ల వచ్చేది. ఆ మచ్చ కాస్త వెలిసినట్టుంటుంది, అక్కడ స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చ మీద దూదిపింజ ఆనించినా తెలుస్తుంది. (కుష్ఠు కూడా మందులతో పూర్తిగా నయమవుతుంది. దాన్ని తిట్టుగా వాడటం ఇంకో అన్యాయం.)

అన్ని తెల్లమచ్చలూ బొల్లి కావు. కొన్ని స్టిక్కర్ బొట్ల జిగురులో ఉండే ఒక ఫినాల్ రసాయనం రంగు కణాలను చంపుతుంది. కోడలి నుదుట మచ్చ చూసి ఆమె పుట్టింటి వంశాన్ని ఆరా తీసేవాళ్లు ముందు బొట్టుబిళ్లను తిప్పి చూడాలి.

లోకం మొత్తం ఒక మనిషి చర్మాన్ని చూసి తీర్పు చెప్పిన సందర్భం పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్‌ది. తెల్లవాడు కావాలనే రంగు మార్చుకుంటున్నాడని పత్రికలు ఏళ్ల తరబడి వెక్కిరించాయి. 1993 ఫిబ్రవరిలో టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ ఎదుట, ఇది చర్మవ్యాధి అనీ, తండ్రి వైపు వారిలో ఉందనీ ఆయన చెప్పుకున్నాడు. చాలామంది నమ్మలేదు. మచ్చలు ఒళ్లంతా పాకినప్పుడు మిగిలిన రంగును కూడా మందుతో తీసేయడం చర్మవైద్యంలో ఉన్న పద్ధతే. 2009లో ఆయన చనిపోయాక శవపరీక్ష నివేదిక బొల్లి ఉందని తేల్చింది. ఆయన పోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు.

మందులు మెరుగవుతున్నాయి. టి-కణాల దాడిని తగ్గించే రక్సోలిటినిబ్ అనే పూతమందును 2022లో అమెరికా అనుమతించింది. చూపులకు మాత్రం పూత లేదు. చర్మవ్యాధి మనిషి బతుకును ఎంత కుంగదీసిందో కొలవడానికి బ్రిటన్‌లోని కార్డిఫ్ వైద్యులు 1994లో పది ప్రశ్నల పత్రం తయారుచేశారు. మొదటి ప్రశ్న దురద, నొప్పి గురించి. బొల్లి ఉన్నవారిలో చాలామంది అక్కడ సున్నా వేసి ముందుకు పోవచ్చు. రెండోది సిగ్గు గురించి. నాలుగోది వేసుకునే బట్టల గురించి. మే నెల మిట్టమధ్యాహ్నం బస్సులో ఫుల్‌హ్యాండ్స్ చొక్కా మణికట్టు దాకా బొత్తాం పెట్టుకుని కూర్చున్నవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ నాలుగో ప్రశ్న గుర్తొస్తుంది.