సైకిలు దిగితే ఓడినట్టా?

విశ్వాస జీవితాన్ని పందెంతో పోల్చడం అపొస్తలుడైన పౌలుకు ఇష్టం. కొరింథు పట్టణం సమీపంలో రెండేళ్లకోసారి ఇస్త్మియా క్రీడలు జరిగేవి కాబట్టి ఆ పోలిక అక్కడి సంఘానికి ఇట్టే అర్థమై ఉంటుంది (1 కొరింథీ 9). పాతికేళ్లుగా మేమూ అదే పోలికతో ప్రసంగాలు చేస్తున్నాం. పరుగెత్తండి, ఆగవద్దు, వెనక్కి చూడవద్దు అని.

రెండేళ్ల క్రితం అలాంటి ఒక ప్రసంగం తర్వాత ఒక సహోదరి మా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త పక్షవాతంతో మంచం పట్టి అప్పటికి నాలుగేళ్లు. ఒకప్పుడు స్త్రీల సమాజానికీ, సండే స్కూలుకూ ఆమే ఆధారం. "అయ్యగారూ, నేనిక పరుగెత్తలేకపోతున్నాను. రాత్రి ప్రార్థనకు మోకాళ్లూని అలాగే నిద్రపోతున్నాను. నా విశ్వాసం పోయినట్టేనా?" అని అడిగింది. ప్రార్థనలో పట్టుదల ఉండాలమ్మా అని ఏదో చెప్పి పంపేశాం. ఆ తర్వాత ఆమె ఆదివారాలు కనిపించడం తగ్గిపోయింది.

ఆ జవాబు తప్పని మాకు తెలిసింది ఒక సైకిల్ పందెం గురించి విన్నప్పుడు.

మా సంఘంలో పెరిగి, ఉద్యోగరీత్యా అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉంటున్న ఒక యువకుడు మొన్న క్రిస్మస్‌కు వచ్చాడు. అక్కడ తాను సైక్లోక్రాస్ అనే పందెంలో పాల్గొంటున్నానని చెప్పాడు. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఫ్రాన్స్‌లో పుట్టిన ఆట ఇది. చలికాలంలో గడ్డి, బురద, ఇసుక, మెట్లు ఉన్న చిన్న దారిలో మళ్లీ మళ్లీ చుట్లు తిరగాలి. మధ్యలో 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా అడ్డుపలకలు పెడతారు. అవి వచ్చినప్పుడు చాలామంది దిగి, సైకిలెత్తి, దాటి, మళ్లీ ఎక్కుతారు. నిటారైన గట్టు వస్తే సైకిలు భుజాన వేసుకుని పరుగెత్తాల్సిందే.

ఈ అబ్బాయిది ఒంటి గేరు సైకిలు. బురద పట్టి చెడిపోయే గేర్ల గొడవ లేదని కొందరు అదే ఎంచుకుంటారట. మన ఊళ్లలో పాలవాళ్లు, పోస్టుమాన్‌లు జీవితమంతా తొక్కినవి అలాంటివే కదా, దానికోసం అమెరికా దాకా వెళ్లాలా అని మాకు నవ్వొచ్చింది. కానీ అందులో ఒక చిక్కుంది. ఎన్ని పళ్ల చక్రం వేయాలో పందెం మొదలుకాక ముందే తేల్చుకోవాలి. చదునులో వేగంగా పోయే చక్రం వేస్తే ఎత్తులో కాళ్లు ఆగిపోతాయి. ఎత్తుకు సరిపోయేది వేస్తే చదునులో కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయి. దారి మారినా గేరు మార్చే వీలు లేదు.

పైగా అక్కడి గాలి. 2014 జనవరిలో అమెరికా జాతీయ పోటీలు జరిగిన బౌల్డర్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉంది. మన హార్సిలీ హిల్స్ కంటే ఎత్తు. గాలిలో ప్రాణవాయువు పాలు అక్కడా 21 శాతమే. అయితే పీడనం తక్కువ కాబట్టి ఒక్కో శ్వాసలో అందేది, సముద్రతీరంతో పోలిస్తే, దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. శరీరం దానికి తగినన్ని ఎర్ర రక్తకణాలు తయారుచేసుకోవడానికి వారాలు పడుతుంది. అక్కడ ఒకసారి శక్తికి మించి ఆయాసపడితే మళ్లీ కోలుకోవడం కష్టం.

"మొదటి పందెంలో దిగడానికి సిగ్గుపడ్డాను అయ్యగారూ" అన్నాడా అబ్బాయి. గట్టు మీద పెడళ్ల మీద నిలబడి, పళ్లు బిగించి తొక్కాడట. పైకి చేరాడు గానీ ఊపిరి అందలేదు. కింద దిగి సైకిలు మోసుకొచ్చినవాళ్లు ఒక్కొక్కరే అతణ్ని దాటిపోయారు. దిగడం ఆ పందెంలో తప్పు కాదని, అదీ పందెంలో భాగమేనని అప్పుడర్థమైందన్నాడు.

ఆ రాత్రి మేము ఏలీయా చరిత్ర మళ్లీ తీసి చదివాం (1 రాజులు 18, 19). కర్మెలు పర్వతం మీద అంత విజయం పొందినవాడు, వర్షంలో అహాబు రథానికి ముందుగా యెజ్రెయేలు దాకా పరుగెత్తినవాడు, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యంలోకి పారిపోయి బదరీ చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. మన సభల్లో కర్మెలు గురించి ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. బదరీ చెట్టు గురించి ఎన్ని విన్నాం? సెమినరీలో హెబ్రీ భాషలో ఆ అధ్యాయం చదివిన మేమే ఎన్ని చెప్పాం?

దేవుడు అక్కడ ఏలీయాను గద్దించలేదు. విశ్వాసం ఏమైందని అడగలేదు. ప్రార్థన చేయమని కూడా అనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అంతే. ముందున్న ప్రయాణం అతని శక్తికి మించిందని దూతే ఒప్పుకున్నాడు. ఆ తర్వాతే హోరేబు దాకా నలభై రోజుల నడక. ఈసారి రథానికి ముందు పరుగు లేదు.

ఆ సహోదరికి మేము ఇచ్చిన జవాబులో రొట్టె లేదు, నిద్ర లేదు. ఎత్తు గట్టు మీద, గాలి చాలని చోట, ఇంకా గట్టిగా తొక్కమని మాత్రమే చెప్పాం. కాపరిగా అది మా తప్పు.

మరుసటి వారం ప్రభు సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాం. మా వెంట స్త్రీల సమాజం నుండి ఇద్దరు వచ్చారు. ముందుగా ఆమెను క్షమించమని అడిగాం. ఆమె నొచ్చుకుని, "అంత మాట ఎందుకు అయ్యగారూ" అంది. ఆయన మంచం పక్కనే అందరం సంస్కారంలో పాలుపొందాం. వారానికి రెండు రాత్రులు ఆయన దగ్గర వంతులవారీగా కూర్చుంటామని వచ్చినవాళ్లు చెప్పారు. ఒకరు ఆ రాత్రే ఉండిపోయారు.

ఆ రాత్రి ఆమె ప్రార్థన చేయకుండానే పడుకుందట. తెల్లారి ఆరు గంటల దాకా మెలకువ రాలేదని ఫోను చేసి చెప్పింది.