పాత విద్యుత్ కారు కొనుగోలు: అసౌష్ఠవ సమాచారానికి ఒక ఉదాహరణ

సంపూర్ణ పోటీ మార్కెట్‌ను చదివినప్పుడు ఒక ప్రమేయం చేసుకున్నాం. వస్తువు గురించి కొనేవారికీ అమ్మేవారికీ ఒకే విధమైన సమాచారం ఉంటుందన్నది ఆ ప్రమేయం. దాన్ని తొలగిస్తే మార్కెట్ ఎలా మారుతుందో ఇప్పుడు చూద్దాం. అమ్మేవారికి తెలిసినంత కొనేవారికి తెలియని స్థితిని అసౌష్ఠవ సమాచారం అంటారు. దీనిపై జార్జ్ అకర్లాఫ్ 1970లో రాసిన వ్యాసం ప్రసిద్ధమైంది. 2001లో మైఖేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిసి ఆయన నోబెల్ బహుమతి పొందారు. ఆ వ్యాసంలో ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్లే.

మనం అమెరికా దాకా పోనక్కరలేదు, గోదావరిఖనిలోనే ఆ ఉదాహరణ దొరుకుతుంది. దసరాకు ముందు సింగరేణి కార్మికుల చేతికి లాభాల వాటా వస్తుంది. 2024లో 33 శాతం వాటా ప్రకటించారు. పర్మినెంట్ కార్మికునికి సగటున 1.90 లక్షల రూపాయలు అందాయి. కాంట్రాక్టు కార్మికులకు 5,000 ఇచ్చారు. ఆ రోజుల్లో నా పూర్వ విద్యార్థి ఒకరు ఫోన్ చేశారు. రామగుండం గనుల్లో పనిచేస్తూ దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసిన వ్యక్తి. “సార్, 2020 మోడల్ నెక్సాన్ ఈవీ ఒకటుంది. ఏడు లక్షలు చెప్తున్నారు. వాటా పైసలకు పీఎఫ్ లోన్ కలిపి తీసుకుందామనుకుంటున్న. బండి అద్దం లెక్కుంది సార్.”

“అద్దంలా ఉన్నది పైరంగు. బ్యాటరీ ఎట్లుంది?” అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు.

ప్రతికూల ఎంపిక

పెట్రోలు కారైతే మెకానిక్ ఇంజన్ శబ్దం విని, పొగ చూసి కొంత చెప్పగలడు. విద్యుత్ కారులో అత్యంత ఖరీదైన భాగం నేల కింద మూసిన పెట్టెలో ఉంటుంది. అది శబ్దం చేయదు, పొగ విడవదు. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉన్నంత మాత్రాన అది బాగున్నట్లు కాదు. లిథియం అయాన్ బ్యాటరీ నడిస్తేనే కాదు, ఊరికే ఉన్నా అరుగుతుంది. నిండా చార్జ్ చేసి ఎండలో నిలిపితే ఆ అరుగుదల మరింత వేగంగా జరుగుతుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో రేకుల షెడ్డు కూడా లేకుండా నిలబెట్టిన బండిని ఈ దృష్టితో చూడాలి.

ఒక లెక్క వేద్దాం. మార్కెట్లో పది కార్లున్నాయి. మంచి బ్యాటరీ ఉన్నవి ఐదు, ఒక్కొక్కటి 8 లక్షల విలువ. అరిగినవి ఐదు, 4 లక్షల విలువ. ఏది ఏదో తెలియని కొనుగోలుదారు సగటున 6 లక్షలే ఇస్తానంటాడు. మంచి కారు యజమాని ఆ ధరకు అమ్మడు, బండిని ఇంటికి తీసుకుపోతాడు. మిగిలేవి అరిగినవే. ఆ సంగతి గ్రహించాక కొనేవారు 4 లక్షలకు దిగుతారు. ఇలా నాసిరకం సరుకు మంచి సరుకును మార్కెట్ నుంచి గెంటివేయడాన్ని ప్రతికూల ఎంపిక అంటారు. గమనించండి, ఇందులో ఎవరూ అబద్ధం చెప్పనవసరం లేదు.

సమాచారాన్ని రాబట్టడం

నా విద్యార్థికి చెప్పిన పద్ధతి మీరూ వాడవచ్చు. ఆ కారు బ్యాటరీ కొత్తలో 30.2 యూనిట్ల సామర్థ్యం గలది. కంపెనీ ప్రకటించిన పరిధి 312 కిలోమీటర్లు. అది ప్రయోగశాల లెక్క, మన రోడ్డు లెక్క కాదు. చార్జ్ 20 శాతానికి దిగేవరకు బండిని నడపండి. తరువాత 15 ఆంపియర్ల ప్లగ్గుకు చిన్న యూనిట్ మీటరు తగిలించి, రాత్రంతా పెట్టి 100 శాతానికి చార్జ్ చేయండి. ఏడెనిమిది గంటలు పడుతుంది. మీటరు 23.5 యూనిట్లు చూపిందనుకుందాం. చార్జింగ్‌లో పదో వంతు నష్టం తీసేస్తే బ్యాటరీలోకి చేరినవి సుమారు 21. ఇవి 80 శాతానికి సమానం కనుక మొత్తం సామర్థ్యం దాదాపు 26.4 యూనిట్లు. అంటే కొత్తదానిలో 87 శాతం. ఇది ఉజ్జాయింపు మాత్రమే. సర్వీస్ కేంద్రంలో బ్యాటరీ ఆరోగ్య నివేదిక తీయించుకోగలిగితే ఇంకా మంచిది.

ఇప్పుడు అవసరంతో పోల్చండి. వేసవిలో ఏసీ వేసుకుని యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున చూసినా 158 వస్తుంది. కరీంనగర్ పోయి రావడానికి సరిపోతుంది. రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ దాకా ఒకే చార్జింగ్‌లో పోవాలనుకుంటే ఈ బండి మీది కాదు.

స్పెన్స్ చెప్పిన సంకేతం అనే భావన ఇక్కడే పనికొస్తుంది. మంచి సరుకున్నవాడు తేలికగా చేయగలిగి, నాసిరకం సరుకున్నవాడు చేయలేని పనిని సంకేతం అంటాం. బండిని ఒక రాత్రి మీ దగ్గర వదలడానికి యజమాని ఒప్పుకోవడమే ఒక సంకేతం. వారంటీ మరొకటి. ఈ మోడల్ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రెండో యజమానికి అది ఏ షరతులతో వర్తిస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. 2024లో వచ్చిన విండ్సర్ కారుకు మొదటి యజమానికి జీవితకాల బ్యాటరీ వారంటీ ప్రకటించారు, రెండో చేతికి వచ్చేసరికి అది 8 ఏళ్లకు తగ్గుతుంది. అదే కారును బ్యాటరీ అద్దె పద్ధతిలో కూడా అమ్మారు. అలాంటి బండి కొంటే బ్యాటరీ మీద బాకీ ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫారం 29, 30 మీద ఇద్దరి సంతకాలు, అప్పు ఉంటే ఫారం 35తో బ్యాంకు విడుదల, బీమా పేరు మార్పిడి అవసరం. వ్యక్తి నుంచి వ్యక్తి కొంటే జీఎస్టీ లేదు. వ్యాపారి అమ్మితే అతని లాభపు తేడాపై 18 శాతమని 2024 డిసెంబరులో జైసల్మేర్ సమావేశంలో నిర్ణయించారు. కంపెనీ క్వార్టర్‌లో ఉండేవారు చార్జింగ్ లైను, ఎర్తింగ్ కోసం ముందుగా అనుమతి అడగడం మంచిది.

“బొగ్గు కరెంటుతో నడిచే కారుకు పర్యావరణమేంది సార్?” అని కూడా ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఆయన ఇంటి కిటికీలోంచి కనిపిస్తుంది. దాని జలాశయం మీదే 2022 నుంచి 100 మెగావాట్ల తేలియాడే సౌర పలకలూ ఉన్నాయి. దేశంలో యూనిట్‌కు సగటున 0.7 కిలోల చిల్లర కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. 100 కిలోమీటర్లకు 15 యూనిట్లనుకుంటే సుమారు 11 కిలోలు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకు అది 15 కిలోల పైమాట. తేడా ఉంది, కానీ ప్రకటనల్లో చెప్పినంత లేదు.

ఆయన మొదట చూసిన బండి యజమాని రాత్రి వదలడానికి ఒప్పుకోలేదు. రెండో బండిని వదిలారు. లెక్కలో 84 శాతం తేలింది, ధర నలభై వేలు తగ్గింది.

మీ అభ్యాసానికి: పై పది కార్ల ఉదాహరణలో ప్రతి అమ్మకందారూ బ్యాటరీ నివేదిక చూపాలని చట్టం వచ్చిందనుకోండి. మంచి కార్ల ధర, అరిగిన కార్ల ధర ఎలా మారతాయి? ఈ చట్టం వల్ల నష్టపోయేది ఎవరు?