తెగవలసిన తాడు

మరిడమ్మ జాతర రోజులలో పెద్దాపురం వీధులలో నడిచినవారికి ఒక సంగతి అనుభవమే. జ్యేష్ఠ బహుళ అమావాస్యతో మొదలై ఆషాఢమంతా సాగే ఆ ఉత్సవంలో, రాత్రివేళ ఒకరినొకరు ఒరుసుకుంటూ కదిలే జనంలో, ఎవరి చెయ్యి ఎవరి కొంగును పట్టినదో, ఏ బండి కొక్కేనికి ఏ ఓణీ తగులుకున్నదో వెంటనే తెలియదు. ఆడపిల్లలను ఆకతాయిలు ఏడిపించేదీ ఇటువంటి రద్దీలోనే. అందుచేత కొందరు తల్లిదండ్రులు కూతురి మెడలో ఒక ఈలను తాడుకు కట్టి వేస్తారు. చీకటిపడ్డాక చదువునుంచో, ఉద్యోగంనుంచో ఇంటికి వచ్చే పిల్ల అయితే చిన్న పెప్పర్ స్ప్రే డబ్బాను కట్టి ఇస్తారు. ఆలోచన మంచిదే. ఆపద వచ్చినప్పుడు సంచీలో వెదికే వ్యవధి ఉండదు. మెడలోని వస్తువు వెంటనే చేతికి అందుతుంది. అయితే ఈలను ఏరి కొన్నవారు కూడా దాని తాడును గురించి ఆలోచించరు. నేటి ప్రసంగం ఆ తాడును గురించే.

ఈల రక్షణసాధనం కావటం కొత్త కాదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన జోసెఫ్ హడ్సన్ తయారుచేసిన ఈలను లండన్ పోలీసులు 1880ల దశకంలో స్వీకరించారు. అంతకుముందు వారు కొయ్యగిలక తిప్పి తోటివారిని పిలిచేవారు. ఆ ఈలను గొలుసుతో కోటు బొత్తానికి తగిలించి జేబులో ఉంచుకునేవారే గాని, మెడకు కట్టుకునేవారు కారు. ఈ భేదం చిన్నది కాదు.

మెడ చుట్టూ ఉన్న ప్రతి తాడుకూ రెండు కొసలున్నవనుకోవాలి: ఒకటి మన చేతిలోనిది, రెండవది ఎదుటివాని చేతికి చిక్కగలది. దుర్మార్గుడు పట్టి లాగినా, మోటారు సైకిలు చక్రంలో చుట్టుకున్నా, కదిలే బస్సు తలుపులో ఇరుక్కున్నా, తాడు ఎంత గట్టిదైతే అంత ప్రమాదం. ప్రఖ్యాత నర్తకి ఇసడోరా డంకన్ 1927లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో, మెడలోని శాలువా కారు చక్రంలో చిక్కుకోవటంవలననే మరణించింది. పిల్లల దుస్తుల మెడదారాలు జారుడుబల్లలకు తగులుకొని ప్రాణాలు పోతున్నందున, 1996లో అమెరికా ప్రభుత్వ వినియోగదారుల భద్రతా సంస్థ వాటిని తొలగించవలసిందని తయారీదారులకు సూచనలు ఇచ్చింది.

అయితే ఉపాయమేమి? మన ఇంటి విద్యుత్తు ఫ్యూజునే చూడండి. ప్రవాహం మితిమీరితే ఇల్లంతా కాలకుండా ఆ సన్నని తీగ ముందుగా కరిగిపోతుంది. మెడతాడులోనూ అటువంటి బలహీనస్థానం ఒకటి మనమే కావాలని ఉంచాలి. కావున నైలాను తాడు, పట్టుతాడు ముడివేసి మెడలో వేయరాదు. పట్టుపోగు ఎంత బలమైనదో పెద్దాపురం నేతగాండ్రకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇక్కడ ఆ బలమే దోషం.

ఇంటిలోనే దీనిని చేసుకోవచ్చు. వేలెడు వెడల్పుగల నూలు పట్టీని తీసుకొని, కుడి ఎడమ భుజాల దగ్గర రెండు చోట్ల కత్తిరించండి. కత్తిరించిన చోట ఒక్కొక్క చిన్న టిచ్ బటను కుట్టండి. కుట్టే తీరులోనే కిటుకున్నది. పట్టీ కొసలను ఒకదానిమీద ఒకటి పరచి కుడితే, లాగినప్పుడు బటను పక్కకు ఒరిగి మొండిగా పట్టుకుంటుంది. అట్లా కాక కొసలు రెండూ నమస్కారంలోని అరచేతులవలె ఎదురెదురుగా నిలిచేటట్లు కుడితే, లాగగానే విడిపోతుంది. అతుకు మెడ వెనుక ఒక్కటే ఉంటే చాలదు. ముందుకు లాగినప్పుడు బలం రెండు పాయలకూ పంచుకుపోతుంది. పైగా మెడ ఒరిపిడివల్ల వెనుక అతుకుకు చేరేది మరింత తక్కువ. భుజాల దగ్గర అతుకులుంటే ఎటు లాగినా ఏదో ఒకటి విడివడుతుంది. ఈల అప్పటికే మీ చేతిలో ఉంటే, పట్టీ ముందుభాగంతో సహా మీతోనే మిగులుతుంది.

పరీక్ష తప్పనిసరి, దానిని మనిషి మెడమీద మాత్రం ఎన్నడూ చేయకండి. నున్నని లావుపాటి కర్రను అడ్డంగా నిలిపి, పట్టీని దానిమీద వేసి, కింద ఒక సంచీ తగిలించి, అందులో కొంచెం కొంచెంగా బియ్యం పోయండి. రెండు కిలోలకు చేరేలోపల అతుకు విడిపోవాలి. విడిపోకపోతే ఇంకా చిన్న బటను వెదకండి. మరి ఈల తగిలించి గట్టిగా ఊపితే ఊడరాదు. చెమటకు బటను తుప్పుపట్టి బిగుసుకుంటుంది గనుక నెలకొకమారు తిరిగి చూచుకోవాలి. పెప్పర్ స్ప్రే డబ్బా బరువైనది, ఊగుతుంది. దానికి మెడకంటె చేతిసంచీ పైజేబు మేలు. దాని గడువు తేదీ కూడా చూచుకోవాలి.

ప్రాణాన్ని కాపాడుకునే హక్కును చట్టం మనకు ఇచ్చింది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34నుంచి 44వరకు గల సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును, దాని హద్దులను చెబుతున్నవి. ఈల ఊది జనాన్ని పిలిచిన పిమ్మట 112 నంబరుకు ఫోను చేయటం మరువకండి.

ఈ సాయంకాలమే మీ అమ్మాయి మెడలోని తాడును ఒకసారి చేతిలోకి తీసుకొని చూడండి. ఈలకే కాక, కాలేజీ గుర్తింపు కార్డు పట్టీకి కూడా ఇదే పరీక్ష వర్తిస్తుంది. లాగి చూచినప్పుడు విడిపోని తాడైతే, ఒక కత్తెర, రెండు టిచ్ బటన్లు, అరగంట కాలం చాలు.