కాగితపు లాభము, చేతికందిన లాభము

గాదెలోని ధాన్యమునకు పుట్టికి నూరు రూపాయలు ధర పెరిగినంతమాత్రమున రైతు పెట్టెలోనికి ఒక్క కాసైనను రాదు. ధాన్యమును కొలిచియిచ్చి రొక్కము పుచ్చుకొన్ననాడే అది లాభము. నెల్లూరు సీమలో బాలురకును తెలిసిన యీ న్యాయమే బీమా కంపెనీల నిధులకును వర్తించును. ఈ సంగతి పాలసీదారులలో పెక్కుమందికి తెలియకుండుట శోచనీయము.

నిదర్శనమునకై దూరము పోనక్కరలేదు. మన తీరమునందలి కృష్ణపట్టణపు రేవులో నూటికి 75 వంతులు 2020లోను, తక్కినవి 2021లోను అదానీ రేవుల కంపెనీ పరమయ్యెను. ఆ వర్గపు కంపెనీల వాటాలలో జీవిత బీమా సంస్థ తన నిధులను మదుపు పెట్టియుండెను. 2023 జనవరి 24వ తేదీన అమెరికాలోని హిండెన్‌బర్గ్ సంస్థ ఆ వర్గముపై ఆరోపణలు ప్రకటించెను. వర్గమువారు వానిని నిరాకరించిరి. అయినను వాటాల ధరలు కూలెను. తన వాటాల కొనుగోలు ధర 30,127 కోట్ల రూపాయలనియు, జనవరి 27 నాటి బజారు ధర 56,142 కోట్లనియు బీమా సంస్థ తెలిపెను. అనగా 26,015 కోట్ల లాభము! ఫిబ్రవరి ముగియకమునుపే అదియంతయు కరిగి, విలువ కొన్న ధరకంటె దిగజారెను. కొలది నెలలకు మరల పైకి లేచెను. అమ్మని వాటాల మేరకు ఆ లాభమును కాగితముమీదిదే, ఆ నష్టమును కాగితముమీదిదే.

అందుచేతనే మన దేశపు బీమా నిబంధనలు ఈ రెంటిని వేరు చేసినవి. బజారులో చెలామణియగు వాటాల ధర హెచ్చుతగ్గులు ప్రత్యేకమైన ఖాతాలో నిలుచును. అందలి లాభమును పంచిపెట్టరాదు. అమ్మినపుడు వచ్చిన లాభనష్టములే ఆదాయవ్యయముల పట్టిక కెక్కును. ధర యిక కోలుకొనదని తేలినచో ఆ నష్టమును అమ్మకమునకు ముందే ఒప్పుకొనవలయును.

అయినను చేతికందిన లాభమంతయు మెచ్చదగినదని మేము చెప్పజాలము. పాలిచ్చు ఆవునమ్మి, వట్టిపోయినదానిని కొట్టములో నిలుపుకొన్నవాడు ఆ యేటికి రొక్కము చూపగలడు, మరుసటేడు పాలేవి? మేలైన వాటాలనమ్మి లాభము చూపుచు, చెడ్డవానిని మూలనుంచు సంస్థయు ఆతని వంటిదే.

కొనునపుడే తప్పటడుగు వేసినచో లెక్కల నేర్పు రక్షింపజాలదు. 1957లో ఇదే జీవిత బీమా సంస్థ ముంద్రా కంపెనీల వాటాలను కోటి రూపాయలకు పైగా వెచ్చించి కొనెను. ఫిరోజ్ గాంధీగారు పార్లమెంటులో నిలదీసిరి. చాగ్లాగారు బహిరంగ విచారణ జరిపిరి. 1958లో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు పదవి వదలవలసివచ్చెను. ప్రజలు లెక్క యడిగినందున కలిగిన ఫలమది.

బోనసుగల పాలసీల మిగులులో నూటికి 90 వంతులకు తక్కువగాక పాలసీదారులకు చెందవలయును. కావున అడుగుటకు వారికి హక్కు కలదు. ఏటేట ఏ వాటాల నమ్మిరి? ఎంతకు కొని యెంతకు అమ్మిరి? బోనసులో వడ్డీవలన వచ్చినదెంత, అమ్మకమువలన వచ్చినదెంత? బీమా కంపెనీలు వీనిని తెలుగున, సామాన్యునకు బోధపడునట్లు ప్రకటింపవలయునని మేము కోరుచున్నాము. పొలములోను అంగడిలోను చెమటోడ్చి కట్టిన ప్రీమియము అది. దాని లెక్కను అడుగుట అవిశ్వాసము కాదు, గృహస్థధర్మము.