చాటుగా చదివిన పుస్తకం

మొన్న సంక్రాంతి వెళ్ళాక హైదరాబాదు పోయి, అమీర్‌పేటలో మా మేనల్లుడు వుంటున్న హాస్టలు చూసివచ్చాను. మేడమీద గది. నాలుగు మంచాలు, నలుగురు కుర్రాళ్ళు, ఒక్క ఫాను. మా రోజుల్లో మంచం కింద ట్రంకు పెట్టె వుండేది. వీళ్ళ మంచాల కింద జిరాక్సు కాగితాల కట్టలున్నాయి. స్పైరల్ బైండింగు చేసిన కట్ట ఒకటి పైకి తీసి చూశాను. అక్షరాలు సగం వెలిసిపోయాయి. పేజీ అంచున ఎవరిదో బొటనవేలు గూడా అచ్చుపడి వుంది.

"ఇదెవరు రాశార్రా?" అన్నాను.

"సారు రాశారు, మామయ్యా."

"ఏ సారు?"

వాడు బుర్ర గోక్కున్నాడు. "మా సారుకి వాళ్ళ సారిచ్చారుట. ఆయనకెవరిచ్చారో తెలీదు."

వేదాలు గూడా ఇలాగే మన దాకా వచ్చాయి గనుక నేను మరి మాట్లాడలేదు.

అమీర్‌పేట సంగతి మన ఇళ్ళల్లో కొత్తగా చెప్పనక్కరలేదు. 2000 సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లు తేదీలు తప్పు లెక్కిస్తాయని లోకమంతా కంగారుపడ్డ రోజుల్లో, కోబాల్ వంటి పాత భాషలు నేర్పే సంస్థలు అక్కడ సందుసందునా వెలిశాయి. గుంటూరు నించీ, కరీంనగర్ నించీ, అనంతపురం నించీ తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి ఫీజు కట్టి, హాస్టల్లో దింపి, రాత్రి బండికి తిరిగి వెళ్ళిపోయేవారు. ఇప్పుడు పాఠాలు చాలామట్టుకు ఫోనులోకి ఎక్కాయి గాని, కాగితాల కట్టలు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ బొటనవేలి ముద్ర చూడగానే నాకు మరొక జిరాక్సు పుస్తకం జ్ఞాపకం వచ్చింది. దానిది మన ఊరు కాదు. ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో ఒక పంతులుగారు 1976లో తన విద్యార్థుల కోసం రాసుకున్న పాఠం అది. కంప్యూటరు విద్యలో అంతగా నకళ్ళు తీయబడ్డ పుస్తకం మరొకటి లేదని ప్రతీతి. ఇరవై సంవత్సరాలపాటు దాన్ని లోకమంతా చాటుగా చదువుకుంది.

ఆ కథ చెప్పాలంటే ముందు యూనిక్స్ అనే మాట చెప్పాలి. కంప్యూటరులో ఒకేసారి పదిమంది పది పనులు చెబుతూంటారు. యంత్రానికున్న బుర్ర ఒక్కటే. ఉమ్మడి కుటుంబంలో ఒక్క పొయ్యి మీద పదిమందికి వండి వడ్డించే అత్తగారి వంటిది ఒకటి లోపల వుండి, ఎవరికి ముందు, ఎవరికి వెనక, ఎవరి కంచం ఎక్కడ అని చూసుకోకపోతే ఇల్లు గడవదు. దానినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. అమెరికాలో బెల్ లాబ్స్ అనే పరిశోధనాలయంలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనే ఇద్దరు 1969లో మొదలుపెట్టి చేసిన అత్తగారి పేరు యూనిక్స్. మహా పొదుపరి. అనవసరపు మాట లేదు, అనవసరపు ఆర్భాటం లేదు.

బెల్ లాబ్స్ ఎ.టి. అండ్ టి. అనే టెలిఫోను కంపెనీది. ఆ కంపెనీ టెలిఫోను వ్యాపారం తప్ప ఇతర వ్యాపారాలు చేయరాదని 1956లో అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. అందుచేత యూనిక్స్‌ని సరుకుగా అమ్ముకునే దారి లేక, విశ్వవిద్యాలయాలు అడిగితే నామమాత్రపు రుసుముకి ఇచ్చేవారు. ఇవ్వడమంటే తయారైన వంట ఇవ్వడమే కాదు, వండే విధం గూడా, అంటే మూలమంతా, ఇచ్చేవారు. ఈ తేడా గమనించాలి. మనం కొనే సాఫ్ట్‌వేరులో చాలాభాగం వంటే ఇస్తుంది గాని వంటింట్లోకి రానివ్వదు.

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ అనే అధ్యాపకుడు ఉండేవారు. 1937లో పుట్టి, కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసి, 1972లో ఆ ఉద్యోగంలో చేరారు. యూనిక్స్‌ని గురించి థాంప్సన్, రిచీలు 1974లో ప్రకటించిన వ్యాసం చదివి ఆయన ముగ్ధులయ్యారు. సరుకు తెప్పించి చూశారు. మూలం మొత్తం సుమారు తొమ్మిదివేల పంక్తులు! ఒక మనిషి కూర్చుని, ఆద్యంతం చదివి, మనసులో నిలుపుకోగలిగినంత. అంతకుమించితే ఒక్కడి వల్ల కాదని ఆయన అభిప్రాయం.

అప్పటిదాకా విద్యార్థులకు నేర్పే పద్ధతి వేరు. పాఠ్యపుస్తకంలో సూత్రాలు చెప్పి, రెండు మూడు చిన్న లెక్కలు చేయించేవారు. నిజంగా పనిచేసే పెద్ద ప్రోగ్రాము, బుద్ధిమంతులు రాసింది, మొదటి పంక్తి నించి చివరి పంక్తి దాకా చదవడమనేది ఎవరికీ దొరికే భాగ్యం కాదు. కావ్యం చదవకుండా వ్యాకరణం ఒక్కటే నేర్చుకుంటే కవిత్వం వస్తుందా? లయన్స్‌గారికి ఇది సరిపడలేదు. మూలాన్ని చక్కగా వరుస పెట్టి, ప్రతి పంక్తికీ సంఖ్య వేసి, ఒక సంపుటంగా అచ్చువేయించారు. రెండో సంపుటంలో వ్యాఖ్యానం రాశారు. రెండూ పక్కపక్కన తెరచి పెట్టుకుని చదవాలి. ఈ పంక్తి ఇక్కడ ఎందుకున్నది, దీన్ని తీసేస్తే ఏమవుతుంది, ఇలా కాక మరోలా రాయవచ్చునా - ఇదీ ధోరణి. మన మెదకు ప్రాంతపు కొలిచారం మల్లినాథసూరి కాళిదాసుకి చేసిన పనినే ఈయన యూనిక్స్‌కి చేశారంటే అతిశయోక్తి కాదు. టీక రాసేవాడు మూలాన్ని విడిచి అటూ ఇటూ పోకూడదు, చదివేవాడు తట్టుకుని పడే చోట చెయ్యి అందించాలి. ఈ రెండూ తెలిసిన మనిషి.

తట్టుకుని పడే చోటు అన్నాను గనుక ఒకటి చెబుతాను. ఆ మూలంలో 2238వ పంక్తి జగత్ప్రసిద్ధం. ఒక పనిని నడిమధ్యలో ఆపి యంత్రం ఇంకో పనిలోకి మారే ఘట్టం అక్కడ వస్తుంది. పరకాయ ప్రవేశం కథలు మనం విన్నవాళ్ళమే గదా, సరిగ్గా అదే. ఒక దేహంలో కళ్ళు మూసుకుని మరో దేహంలో కళ్ళు తెరవడం. మూలకర్తలు అక్కడ చిన్న గమనిక ఒకటి రాశారు. ఇది మీకు అర్థం కావాలని మేం ఆశించడం లేదని దాని భావం. కొన్ని తరాల కుర్రాళ్ళు దీన్ని చూసి, "ఎంత పొగరు!" అనుకున్నారు. తరువాత చాలా కాలానికి రిచీగారు సంజాయిషీ ఇచ్చారు: పొగరు గాదు, ఇది పరీక్షలో రాదులే అన్న ధోరణిలో రాసిందట. అసలు కష్టమేమంటే, అక్కడ జరిగేది అప్పటికి తమకే పూర్తిగా బోధపడలేదట! పెద్దవాళ్ళు ఇలా ఒప్పుకుంటే వినడానికి ఎంత హాయిగా వుంటుందో! లయన్స్‌గారి టీక మాత్రం ఆ పంక్తిని దాటవేయదు. ఆగి, విడదీసి చూపిస్తుంది.

పుస్తకం పేరు పాకింది. లయన్స్‌గారు 1978లో బెల్ లాబ్స్‌కే వెళ్ళి కొంతకాలం పనిచేసి వచ్చారు. అంతా శుభంగా వుందనుకుంటూండగా కంపెనీవారికి తెలివి వచ్చింది, లేక పోయిందనాలో! యూనిక్స్‌కి గిరాకీ వున్నదని తెలిసిపోయింది. 1979లో వచ్చిన ఏడో కూర్పుతో కొత్త షరతు పెట్టారు: మూలాన్ని తరగతుల్లో పాఠంగా చెప్పరాదు. వంటింటి తలుపు వేసేశారన్నమాట. లయన్స్ టీక గూడా లైసెన్సు గల సంస్థలకే పరిమితమైంది. మిగతా లోకానికి అది నిషిద్ధ గ్రంథం.

కంపెనీ తన సొత్తు కాపాడుకుంది, అందులో తప్పేముంది అనేవారున్నారు. నిజమే. కాని పంతుళ్ళు కష్టపడి తయారుచేసుకున్న పాఠం తరగతిలో చెప్పకూడనిది అయిపోయింది. నష్టపోయింది పోటీ వ్యాపారులా, బల్లమీద కూర్చున్న కుర్రాళ్ళా అన్నది పాఠకులే ఆలోచించాలి.

నిషేధించిన పుస్తకానికి ఏం జరుగుతుందో ఆడపిల్లల చేతిలోంచి నవలలు లాక్కున్న తాతగార్లకు తెలుసు. ఒకరి దగ్గర్నించి ఒకరు తీసుకుని రాత్రిపూట నకళ్ళు తీశారు. నకలుకి నకలు, దానికి మళ్ళీ నకలు. నాలుగో తరం, ఐదో తరం కాగితాల్లో అక్షరాలు అలుక్కుపోయినా కుర్రాళ్ళు కళ్ళు చికిలించుకుని చదివారు.

హాలండులో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు అధ్యాపకుడు ఆండ్రూ టానెన్‌బామ్ వేరే దారి తొక్కారు. యూనిక్స్ మూలం చెప్పకూడదంటే, దానిలాగే పనిచేసే చిన్నది తానే రాస్తాననుకున్నారు. మినిక్స్ అని పేరుపెట్టి, 1987లో పాఠ్యపుస్తకంతో సహా, మూలం అందులోనే అచ్చువేసి ప్రకటించారు. ఆ పుస్తకాన్ని ఫిన్లండులో హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ చదివాడు. 1991లో, ఇరవై ఒకటో ఏట, తన సొంత అత్తగారిని తయారుచేశాడు. అదే లినక్స్. మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనుల లోపల వున్నది ఇదే. దానికి మార్పులు చేసేవాళ్ళు వేల సంఖ్యకు పెరిగాక, ఎవరు ఏది ఎప్పుడు మార్చారో లెక్క వుంచడానికి 2005లో గిట్ అనే పనిముట్టు గూడా అతనే చేశాడు. ఈనాడు ప్రోగ్రాములు రాసేవాళ్ళకు చాకలిపద్దు లాంటిది అది. లేకపోతే ఎవరి బట్ట ఎవరిదో తెలియదు.

లయన్స్‌గారి పుస్తకం సంగతి? 1996లో, యూనిక్స్ హక్కులు చేతులు మారిన తరువాత, కొందరు అభిమానులు పట్టుబట్టి అనుమతి సంపాదించి దాన్ని బహిరంగంగా అచ్చువేయించారు. పంతులుగారు అప్పటికే అస్వస్థులు. 1998 డిసెంబరులో, అరవై ఒకటో ఏట, కన్నుమూశారు. పుస్తకం అంగట్లోకి రావడం మాత్రం చూశారు. ఆయన పేరిట ఆ విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్య పీఠం వున్నది. పాత యూనిక్స్ మూలం గూడా 2002లో అందరికీ విడుదలైంది.

అమెరికాలో ఎం.ఐ.టి.వారు మొదట లయన్స్ పుస్తకంతోనే పాఠం చెప్పి, 2006లో ఆ ఆరో కూర్పునే ఈనాటి యంత్రాలకు తగినట్టు తిరగరాశారు. ఎక్స్‌వి6 అని దానిపేరు. మూలమూ, వ్యాఖ్యానమూ రెండూ వుచితం. లినక్స్ ఇప్పుడు మూడు కోట్ల పంక్తులు దాటిపోయింది, ఏ మానవుడూ అంతా చదవలేడు. కొత్తగా నేర్చుకునేవాడికి చిన్నదే దిక్కు.

ఇదంతా చెబితే మా వాడు విన్నాడు గాని, పెద్దగా కరగలేదు. "ఇప్పుడవన్నీ ఎవరు చదువుతారు, మామయ్యా? అడిగితే ఏఐ రాసి ఇస్తుంది గదా" అన్నాడు. మరి అది రాసి ఇచ్చింది తప్పో ఒప్పో ఎలా తెలుస్తుందిరా అన్నాను. "నడిపి చూస్తాం." "నడవకపోతే?" "మళ్ళీ అడుగుతాం."

నేను ఊరుకోలేదు. కొట్టుకి తీసుకెళ్ళి ఎక్స్‌వి6 మూలమూ, వ్యాఖ్యానమూ అచ్చుతీయించి, రెండు కట్టలుగా బైండింగు చేయించి ఇచ్చి వచ్చాను. కొట్టువాడు, "ఇదే కోర్సండీ? ఇంకో పది కాపీలు తీసి వుంచమంటారా?" అని అడిగాడు.

మొన్న ఆదివారం మా వాడు ఫోను చేశాడు. పరకాయ ప్రవేశం దగ్గర రెండు రాత్రులు చిక్కుపడ్డాడట. ఇంకొంచెంలో తెలిసేదే గాని, వ్యాఖ్యానం కట్ట పక్క మంచం కుర్రవాడు పట్టుకుపోయాడట. ఇంకా తిరిగి ఇవ్వలేదట.