ప్రాణవాయువు – పొగ

క్షీరసాగర మథన వృత్తాంతం మీకు తెలిసినదే. అమృతం లభించిన ఆ కడలి నుండే హాలాహలమూ పుట్టింది. మనం పీల్చే ప్రాణవాయువు కథ కూడా ఇటువంటిదే. ఆక్సిజన్ లేనిదే ప్రాణం నిలువదు. అయితే అది దేహకణాలలో వినియోగమయ్యే వేళ కొంత విషమూ పుడుతుంది. ఆ విషం హద్దు మీరితే ఊపిరితిత్తుల రక్తనాళాలకు కలిగే హానిని గూర్చి, దానిని అదుపుచేసే పదార్థాలను గూర్చి తెలుసుకుందాం.

గుండెలోని కుడి జఠరిక నుండి చెడురక్తం పుపుస ధమని ద్వారా ఊపిరితిత్తులను చేరుతుంది. ఆరోగ్యవంతులు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఈ ధమనిలో సగటు పీడనం సుమారు 14 మిల్లీమీటర్ల పాదరసమట్టం. అది 20ని మించితే పుపుస రక్తపోటు అంటారు. చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటు వేరు, ఇది వేరు. ఈ వ్యాధిలో సన్నని ధమనుల గోడలు మందమై రక్తం నడిచే దారి ఇరుకవుతుంది. కుడి జఠరిక మితిమీరి శ్రమించి క్రమంగా అలసిపోతుంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, కాళ్ళ వాపు దీని లక్షణాలు. పెద్దవయసు నీరసమని వీటిని ఉపేక్షించరాదు.

రక్తనాళాల లోపలిపొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారుచేసి నాళాలను సడలిస్తుంది. ఈ సంగతిని వెల్లడించిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. ఆక్సిజన్ నుండి పుట్టే సూపరాక్సైడ్ వంటి చురుకైన అణువులు ఈ వాయువును హరిస్తాయి. అప్పుడు నాళాలు బిగుసుకుంటాయి, గోడల కణాలు అదుపులేక పెరుగుతాయి. ఇటువంటి అణువుల ధాటి దేహపు రక్షణశక్తిని మించిన స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. వాటిని శాంతింపజేసేవి యాంటీ ఆక్సిడెంట్లు. గ్లూటాథయోన్ వంటి కొన్నింటిని దేహమే తయారుచేసుకుంటుంది. విటమిన్ సి, విటమిన్ ఇ వంటివి ఆహారం ద్వారా అందవలసినవి.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే అనంతపురం పీఠభూమిలో వేరుసెనగ రైతుకు బ్రతుకుతెరువు. ఆ గింజలలో విటమిన్ ఇ, స్వల్పంగా రెస్వెరట్రాల్ ఉన్నాయి. మనం ఊది పారవేసే ఎర్రని పొట్టులోనూ యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయి. రాగులు, కొర్రలు, మునగాకు, ఉసిరి, జామ ఇదే కోవకు చెందినవి. జనుముకు దగ్గరి బంధువైన ఒక మొక్క గింజలను తినిపిస్తే ఎలుకలకు పుపుస రక్తపోటు వస్తుందని 1967లో తెలిసింది. ఆ గింజలలోని విషమిచ్చిన ఎలుకలలో ఈ వ్యాధిని రెస్వెరట్రాల్ నిరోధించినట్లు 2009లో ఒక పరిశోధన ప్రకటితమైంది.

అయినంతమాత్రాన గుప్పెడు వేరుసెనగలు తింటే వ్యాధి నయమవుతుందని భ్రమపడరాదు. ప్రయోగాలలో వాడిన మోతాదు వేరు, ఆహారంలో లభించేది వేరు. యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మానవులలో ఈ వ్యాధిని నయం చేస్తాయని రుజువు కాలేదు. ఫిన్లాండులో 29 వేలమందికి పైగా పొగత్రాగే పురుషులపై జరిపిన పరిశీలన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. కాబట్టి మంచి ఆహారం దేహానికి బలమే కాని, వైద్యానికి బదులు కాదు.

మరి మన చేతిలో ఉన్న రక్షణ ఏది? పొగను తగ్గించడం. ఢిల్లీలో ఊపిరితిత్తుల జబ్బువల్ల కుడిగుండె దెబ్బతిన్న 127 మంది రోగులను పరిశీలించి డాక్టర్ ఎస్. పద్మావతి, పాఠక్ 1959లో ఒక వ్యాసం ప్రకటించారు. సిగరెట్టు ముట్టని స్త్రీలలోనూ ఆ జబ్బు కనిపించడంతో వారి దృష్టి వంటింటి పొగపైకి మళ్ళింది. కందికట్టె, పిడకలు మండే పొయ్యి ముందు కూర్చున్న తల్లి పీల్చే పొగ ఊపిరితిత్తులలో ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది. ఏళ్ళ తరబడి పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతిని, రక్తంలో ఆక్సిజన్ తగ్గి, పుపుస ధమనులు బిగుసుకునే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం పేదల ఇళ్ళకు గ్యాస్ పొయ్యిని చేర్చే ప్రయత్నాలు. అయినా సిలిండర్ ఖర్చుకు వెరచి కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళు నేటికీ ఉన్నాయి.

పాలకడలిలో పుట్టిన విషాన్ని శివుడు కంఠాన నిలిపాడు. మన తల్లులు మాత్రం పొగను గుండెలదాకా పీల్చి మనకు సంగటి వండి పెట్టారు. విద్యార్థులారా! ఈ పాఠం చదివిన సాయంత్రం మీ వంటింట్లోకి ఒకసారి తొంగిచూడండి. పొగ పోవడానికి కిటికీ ఉన్నదా? మెట్లెక్కితే అవ్వకు ఆయాసం వస్తున్నదా? వస్తుంటే ఆమెను వైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి.